చేతులెత్తిన పెంకుల మిల్లు

యేసుపాదానికి ఆ పొద్దున వచ్చిన కష్టం మరేం కాదు, పట్టరాని సంతోషం. కడుపులో దాచుకుందామంటే దాగేది కాదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. అందుకని గోదారి గట్టెక్కి, పంచె ఎగ్గట్టి, పేర్రాజు మాస్టారింటికి బయల్దేరాడు. ఎక్కడికోయ్ అంత జోరు అని అడిగినవాళ్ళకి చెయ్యూపాడే గానీ ఆగలేదు.

పేర్రాజు మాస్టారంటే ఆ గట్టు పొడుగునా రెక్కలు ముక్కలు చేసుకు బతికేవాళ్ళందరికీ గురువుగారే. బళ్ళో ఉద్యోగం ఏనాడో అయిపోయింది గానీ పాఠాలు అవలేదు. సాయంత్రాలు వీధరుగు మీద కూర్చోబెట్టి ముందు అక్షరాలు నేర్పేవారు, అక్షరాలొచ్చాక లోకం నేర్పేవారు. యేసుపాదానికి వేలిముద్ర బాధ తప్పింది అక్కడే. సోషలిజం, ప్రజాస్వామ్యం అనే మాటలు విన్నదీ అక్కడే. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందండీ అని ఓనాడు అడిగితే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

"సొత్తూ అందరిదే, మాటా అందరిదే."

ఇంతేనా అనిపించింది యేసుపాదానికి. ఇంతే అయితే మనమూ చేసి చూపించొచ్చు కదా అని కూడా అనిపించింది. చేసే రోజు నిజంగానే వస్తుందని మాత్రం అప్పుడు అనుకోలేదు.

వచ్చింది. గట్టు కింద బంగళా పెంకుల మిల్లుని కామందు తాళం వేసి పోతే, పనివాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగి, పస్తులుండి, చివరికి మిల్లుని తమ సొసైటీ కిందికి తెచ్చుకున్నారు. యేసుపాదాన్ని ప్రెసిడెంటుని చేశారు. కోర్టువారు షరతొకటి పెట్టారు. ఆషాఢం వెళ్ళేలోగా మొదటి బట్టీ కాల్చి, మంచి సరుకు దించి చూపించాలి. చూపించలేకపోతే మిల్లు మళ్ళీ కామందుదే. ఆయన రాజమండ్రిలో కూర్చుని, వీళ్ళ వల్ల ఏమవుతుందిలే అని ధీమాగా ఉన్నాడు.

పచ్చి పెంకులు తయారయ్యాయి. చిక్కల్లా ఆరబెట్టడంలో వచ్చింది. ఆరబెట్టే పాక కప్పు కిందటేడు గాలివానకి సగం లేచిపోయింది. మబ్బులు చూస్తే రేపో మాపో కురిసేలా ఉన్నాయి. వాన పడిందా, పెంకులు మళ్ళీ మట్టే. అందుకని యేసుపాదం బాగా ఆలోచించి, రేపే బట్టీకి ఎక్కించి అంటించేద్దామని తీర్మానం పెట్టాడు. మిల్లులోనే ఉన్న కామందు బంగళా అరుగు మీద నిలబడి, ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు.

మిల్లు మిల్లంతా చెయ్యెత్తింది. అదీ అతని సంతోషం.

మాస్టారు పెరట్లో ఆనపపాదుకి పందిరి వేసుకుంటున్నారు. యేసుపాదం వగరుస్తూనే జరిగిందంతా చెప్పేశాడు. మన అరుగు మీద చెప్పుకున్న మాట ఇవాళ మిల్లులో కళ్ళారా చూశానండి అన్నాడు. కళ్ళు చెమర్చాయి కూడా.

మాస్టారు పురికొస ముడి వేస్తూ అంతా విన్నారు.

"ఎవరూ కాదనలేదా?"

"ఒక్కళ్ళు లేరండి."

"తాతబ్బాయి?"

తాతబ్బాయి బట్టీ కాల్చే మనిషి. ఉప్పు తక్కువైందని పెళ్ళి భోజనంలో పెళ్ళికొడుకు తండ్రితోనే తగువేసుకున్న ఘనుడు. ఆయన ఔనన్న మాట ఆ ఊళ్ళో ఎవరూ విని ఎరగరు.

"అందరికన్నా ముందెత్తింది ఆయనేనండి," అన్నాడు యేసుపాదం గర్వంగా.

మాస్టారు పురికొస కింద పెట్టేశారు. చేతులు కడుక్కుని, కండువా భుజాన వేసుకుని, నీ సభ ఓసారి నేనూ చూస్తాను పదమన్నారు. గురువుగారు స్వయంగా వస్తానంటే ఇంకేం కావాలి. దారంతా యేసుపాదం కాళ్ళు నేల మీద లేవు.

మిల్లు గంట కొట్టించాడు. అందరూ వచ్చి అరుగు కింద నిలబడ్డారు. మాస్టారికి కుర్చీ వేస్తే కూర్చోలేదు. యేసుపాదం చెవి దగ్గర వంగి, అడగవలసిందేమిటో చెప్పారు. విని యేసుపాదం బిత్తరపోయాడు.

"మాస్టారండీ, నవ్వుతారండి."

"నవ్వితే మంచిదేగా. అడుగు."

గురువుగారి మాట. తప్పదు. యేసుపాదం గొంతు సవరించుకుని అడిగాడు. "మన పచ్చి పెంకులన్నీ గోదాట్లో ఓసారి ముంచి తీసి, ఆ తడితోనే బట్టీకి ఎక్కిద్దాం. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి."

అని నవ్వుల కోసం చూశాడు. పెంకుల మిల్లులో పుట్టి పెరిగిన వాళ్ళ దగ్గర ఇలాంటి మాటంటే గేలి చేసి గట్టు దాటిస్తారని అతనికి తెలుసు.

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో తాతబ్బాయి చెయ్యి లేచింది. పక్కనే ఉన్న, పెంకులు అచ్చొత్తే ప్రెస్సువాళ్ళవి లేచాయి. వెనకాల ఆడవాళ్ళవి లేచాయి. ఆ ఆడవాళ్ళలో చంకన తట్టతో నిలబడ్డ సంపూర్ణ ఉంది. సంపూర్ణ యేసుపాదం పెళ్ళాం. ఆమె కూడా తట్ట జారకుండా ఓ చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి శ్రద్ధగా పైకెత్తింది.

యేసుపాదానికి ఇందాకటి సంతోషమంతా ఎటు పోయిందో తెలియలేదు. మాస్టారి వంక చూశాడు.

"వాళ్ళు చెయ్యెత్తలేదురా యేసుపాదం," అన్నారు మాస్టారు మెల్లిగా. "చేతులెత్తేశారు."

అంతే. కండువా సర్దుకుని అరుగు దిగి, ఆయన పందిరి ఆయన వేసుకోడానికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం అన్నానికి వెళ్ళినప్పుడు యేసుపాదం పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. వాళ్ళకంటే సరే, నీకేమొచ్చింది, పెంకులు నీళ్ళలో ముంచుతామంటే చెయ్యెత్తుతావా, నేనేమంటున్నానో చెవిన పడలేదా అని నిలదీశాడు. సంపూర్ణ గొడవకి దిగలేదు. పళ్ళెంలో అన్నం పెడుతూ, ఎవరు విన్నారు అంది.

కామందు రోజులు గుర్తు చేసింది. పొద్దున్నే గుమాస్తా ఆ అరుగే ఎక్కి, పని కావాల్సినవాళ్ళు చెయ్యెత్తండి అని అరిచేవాడు. గబుక్కున లేచిన చేతులకే ఆ పూట పని. ఆలస్యంగా లేచిన చెయ్యి ఇంటికి పోవాల్సిందే. ఆమె కడుపుతో ఉండగా ఓ రోజు చెయ్యి లేపడం ఆలస్యమై, ఆ రోజంతా మంచినీళ్ళతో సరిపెట్టుకుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. ఆ చెయ్యి ఇంకా ఇదే ఒంటికి ఉంది కదా అంది.

"నువ్వు అరుగెక్కి చెయ్యెత్తమన్నావు. లేచింది."

యేసుపాదం కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు. నిజం ఒప్పుకోవాలంటే, అరుగు మీంచి ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు కూడా గుమాస్తా గొంతులాగే పలికింది. కాసేపటికి ఇంకో అనుమానం వచ్చింది. అడక్కుండా ఉండలేకపోయాడు.

"నన్ను ప్రెసిడెంటుని చేసినప్పుడో?"

సంపూర్ణ మజ్జిగ పోసి, ముంత పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంక అతనికి నిలవలేదు. మళ్ళీ మాస్టారింటికి పరిగెత్తాడు. ఇందాక సంతోషంతో పరిగెత్తినవాడు ఇప్పుడు గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. వాళ్ళు నోరు విప్పేలా చెయ్యాలంటే నేనేం చెయ్యాలో చెప్పండి, రేపు బట్టీ అంటించాలి, వాళ్ళ మనసులో ఏముందో తెలియకుండా అగ్గిపుల్ల ఎలా గియ్యను అని మొరపెట్టుకున్నాడు.

మాస్టారు పందిరి వైపు చూపించారు. పందిరి మధ్యలో వాసం ఒకటి జారుతోంది, కాస్త రెండు చేతులతోటీ ఎత్తి పట్టుకో, ఇప్పుడే వస్తానని లోపలికి వెళ్ళారు.

యేసుపాదం ఎత్తి పట్టుకున్నాడు. మాస్టారు ఎంతకీ రారు. ఇంతలో వాసం మీంచి ఎర్రచీమలు దిగడం మొదలెట్టాయి. మోచేతిదాకా వచ్చాయి. గురువుగారు చెప్పిన పని, వదిలితే పందిరంతా కూలుతుంది. పళ్ళు బిగించాడు. మెడ మీద కుట్టాయి, ఓర్చుకున్నాడు. చొక్కాలోకి దిగాక ఇంక ఓర్చుకోలేక, ఊరంతా వినపడేలా కేకేశాడు.

"మాస్టారండీ, చీమలండీ!"

మాస్టారు తాపీగా గుమ్మంలోకి వచ్చారు. చేతిలో మజ్జిగ గ్లాసు.

"ఇందాకట్నించీ కుడుతుంటే ఇప్పుడా చెప్పడం?"

"తమరు పట్టుకోమన్నారు కదా అని ఊరుకున్నానండి. చేతులు ఖాళీగా ఉంటే నోరెత్తకుండా దులిపేసుకుని..."

మాట మధ్యలో ఆగిపోయాడు. వాసం పట్టుకున్న తన చేతుల వంక చూసుకున్నాడు. మాస్టారి వంక చూశాడు. ఆయన మజ్జిగ తాగుతున్నారు.

మాస్టారొచ్చి వాసం అందుకున్నారో లేదో, ఇంకా దులుపుకోనన్నా దులుపుకోకుండా పరిగెత్తాడు యేసుపాదం. చీమలూ అతనితోటే పరిగెత్తాయి.

ఈసారి గంట కొట్టించలేదు. అరుగు దగ్గరికే పోలేదు. మట్టి పిసికే గుంట దగ్గరికి వెళ్ళి, చొక్కా విప్పేసి, అందర్నీ రమ్మన్నాడు. మరుసటి విడతకి మట్టి సిద్ధం చెయ్యాలి, అందరం ఓ చెయ్యి వేద్దాం అన్నాడు. ప్రెసిడెంటే మోకాలిదాకా దిగాక మిగతావాళ్ళు ఆగుతారా. మగా ఆడా అందరూ గుంట చుట్టూ కూలబడి, మోచేతులదాకా బంకమట్టిలో పెట్టారు.

బాగా పిసకడంలో పడ్డాక, తల ఎత్తకుండానే యేసుపాదం అడిగాడు. రేపే బట్టీ అంటిద్దామంటున్నాను, ఏమంటారు అని.

ఎవరో ఒకాయన అలవాటు చొప్పున చెయ్యి లాగి పైకెత్తాడు. చెయ్యితోపాటు లేచిన మట్టిముద్ద వెళ్ళి పక్కావిడ నెత్తిన పడింది. ఆవిడ తిట్టిన తిట్టుకి గుంటంతా గొల్లుమంది. మిల్లు చేతికొచ్చాక వాళ్ళంతా కలిసి నవ్వడం అదే మొదటిసారి.

నవ్వు తగ్గింది. మట్టి పిసుకుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఇప్పుడు కూడా పలక్కపోతే ఇంక దారి లేదు.

"కాదు."

తాతబ్బాయి. తలొంచుకుని, మట్టితో చెప్తున్నట్టు అన్నాడు. యేసుపాదానికి ఆ రెండక్షరాలు వినగానే లేచి గంతెయ్యాలనిపించింది. చేతులు మట్టిలో ఉండి బతికిపోయాడు.

"ఎందుకు కాదు?"

"పెంకులో తడుంది. ఇప్పుడంటిస్తే బట్టీలో ఒక్కటి మిగలదు, పేలిపోద్ది. నీకు తెలీదా?"

తెలుసు. మట్టి ముట్టిన ప్రతివాడికీ తెలుసు. వానకి భయపడి, తెలిసిన సంగతి తెలియనట్టు తనని తాను మభ్యపెట్టుకున్నాడు యేసుపాదం. తెలుసు అని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

అంతే, ఇంక చూడండి. ఏళ్ళ తరబడి మూతపడ్డ నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆరేదాకా ఆగుదామంటే వానని నీ మామ ఆపుతాడా అని ఒకడు. పేలినా సరే, సగమన్నా దక్కుతాయి, యేసుపాదం చెప్పిందే చేద్దామని ఇంకొకడు. తాటాకులు కప్పుదామంటే ఈ గాలికి ఆగుతాయా అని మరొకావిడ. ఒకరి మాట మీద ఒకరు పడి, పాత తగాదాలు కూడా మధ్యలోకి లాక్కొచ్చి, నానా రభసా చేశారు. యేసుపాదానికి ఆ రభస కచేరీలా ఉంది.

అప్పుడు సంపూర్ణ నోరు విప్పింది.

"బంగళాకి కప్పుంది కదా."

గుంటలో పిసుకుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. బంగళా అంటే కామందు బంగళా. పెద్ద హాలు, గదులు, ఎత్తు వరండాలు, ఒక్క చుక్క కారని కప్పు. అందులో ఒక గది సొసైటీ ఆఫీసు, యేసుపాదం కుర్చీ అక్కడే. మిగతా గదుల్లోకి ఇన్నాళ్ళూ ఎవరూ అడుగుపెట్టలేదు. తాళాలు వీళ్ళ దగ్గరే ఉన్నాయి. అయినా పెట్టలేదు.

యేసుపాదమే అడ్డం తిరిగాడు. రేపు పెద్దమనుషులు చూడ్డానికొస్తే ఎక్కడ కూర్చోబెడతాం, ఆఫీసన్నాక ఓ మర్యాద ఉండాలి, ఆ గచ్చు, ఆ బల్లలు పాడైపోవూ అన్నాడు. గట్టిగానే వాదించాడు. కొందరు ఔనని అతని పక్షం చేరారు.

"ఆ బంగళా ఎవరిది?" అని అడిగింది సంపూర్ణ.

"మన సొసైటీదే."

"మనదైతే మన పెంకులకి చోటు లేదేంటి?"

చెయ్యెత్తమని ఎవరూ అనలేదు. ఎవరి చేతిలో మట్టి వాళ్ళ దగ్గరే ఉంది. రేపే కాల్చెయ్యాలన్నవాళ్ళు ముద్ద తీసి యేసుపాదం పక్కన పెట్టండి, పెంకులు బంగళాకెక్కించి ఆరాక కాల్చాలన్నవాళ్ళు సంపూర్ణ పక్కన పెట్టండి అన్నాడు తాతబ్బాయి. ఒక్కొక్కరే లేచి పెట్టారు. కొందరు పెట్టబోయి, ఆగి, ఆలోచించుకుని, అవతలి వైపుకి నడిచారు. యేసుపాదం తన ముద్ద తన వైపే పెట్టుకున్నాడు. మనసులో లేనిది చెయ్యడం ఇవాళ కుదరదు కదా.

చూస్తే సంపూర్ణ పక్కన కొండలా మట్టి. అతని పక్కన పిల్లలు ఆడుకునే పిచ్చుకగూడంత.

ఓడిపోయిన యేసుపాదం ముఖం చూడాలి. ఊరేగింపులో పెళ్ళికొడుక్కి కూడా ఉండదు ఆ కళ. గబగబా లేచి, చేతులన్నా కడుక్కోకుండా బంగళాలోకి పోయి, ముందుగా ప్రెసిడెంటు కుర్చీ ఎత్తి బయట పడేశాడు. తర్వాత గదుల తాళాలన్నీ తీశాడు.

అప్పటికే గాలి లేచింది. గోదారి మీద నల్లగా కమ్ముకొస్తోంది. పాక నించి బంగళాదాకా మనిషి పక్కన మనిషి నిలబడి పెంకులు అందించుకున్నారు. రేపే కాల్చాలని పట్టుబట్టినవాళ్ళూ ఆ వరసలోనే ఉన్నారు, వాళ్ళ చేతులు ఎవరికన్నా తక్కువ ఆడలేదు. బంగళా పెంకులన్న పేరు ఇప్పటికి సార్థకమైందిరా అని ఎవడో అంటే వరస వరసంతా పకపకలాడింది. హాల్లో పెట్టారు. వరండాల్లో పెట్టారు. కామందు భోజనాల బల్ల మీద, పందిరి మంచం మీద కూడా పేర్చారు. చినుకులు మొదలయ్యాక ఇంకా జోరుగా అందించుకున్నారు. చివరి పెంకు గుమ్మం దాటాక వాన విరుచుకుపడింది. అందరూ తడిసి ముద్దయ్యారు గానీ పెంకులు తడవలేదు. అరుగు మీద ఒకరినొకరు ఆనుకుని నిలబడి, వానని తిడుతూ, నవ్వుతూ చూశారు. అదే అరుగు.

పెంకులు తాపీగా ఆరాయి. ఆరాయా లేదా అని తాతబ్బాయి రోజూ వచ్చి చెంపకి ఆనించి చూసుకున్నాడు. ఆయన సరేనన్నాక బట్టీకి ఎక్కించారు. ఆషాఢం ఇంకా మిగిలుండగానే బట్టీ చల్లారింది, మూత తీశారు.

ఆ రోజు పేర్రాజు మాస్టారు కూడా వచ్చారు. యేసుపాదం మొదటి పెంకు తీసి ఆయన చేతికిచ్చాడు. ఇంకా వెచ్చగా, దోరగా ఎర్రగా ఉంది. మాస్టారు వేలి కణుపుతో కొట్టి చూశారు. ఖంగుమంది. చుట్టూ ఉన్నవాళ్ళు పట్టలేని ఆనందంతో కేకలేశారు. తాతబ్బాయి మాత్రం ఇంకాస్త కాలితే బాగుండేదని సణిగాడు.

మాస్టారు పెంకుని అటూ ఇటూ తిప్పి చూసి, సాధించావురా అన్నారు.

"నేను కాదండి," అన్నాడు యేసుపాదం. ముఖమంతా నవ్వే. "నా తీర్మానం ఓడిపోయిందండి. మావాళ్ళే ఓడించేశారండి."

"ఎప్పుడు?"

"వానొచ్చిన రోజునండి."

మాస్టారు పెంకు మీద చెయ్యి వేసి నిమిరారు.

"అయితే నిన్ను ప్రెసిడెంటుగా ఎన్నుకున్నది ఆ రోజునన్నమాట."